బలపం పిండి

"తొట్టిలో మనిషి కూరుకుపోయాడు!"

సంచులు కుట్టే అక్క గొంతు చించుకున్నా ఫిట్టర్‌కి ఒక్క ముక్క వినపడలేదు. ఆమె చేతులు ఊపడం మాత్రం కనిపించింది. ఆ మిల్లులో మాటలతో పని జరగదు. రాయి నలిగే మోతకి అందరూ చెవుల్లో దూది కుక్కుకుంటారు, మూతికి గుడ్డ కట్టుకుంటారు, సైగలతో కాలక్షేపం చేస్తారు. కాసేపు పనిచేశారంటే నెత్తి నుంచి కాళ్ళ దాకా పిండే. కన్నతల్లి వచ్చి నిలబడ్డా వీడు నా కొడుకని చెప్పలేదు.

ఫిట్టర్ చెవిలో దూది పీకేశాడు.

"ఎవరు?"

"ఏమో! గడ్డకట్టిన పిండి పొడవడానికి దిగాడట. నడుముకి తాడు కూడా లేదట!"

ఫిట్టర్ తొట్టి నిచ్చెన వైపు పరుగు తీశాడు. పొద్దున సూపర్‌వైజర్ ఆ పని పురమాయించింది అతని తమ్ముడికే.

"తొట్టి అడుగు గేటు మూసెయ్ అక్కా! పిండి జారేకొద్దీ లోపలికి లాగేస్తుంది!"

నిచ్చెన ఎక్కేసరికి తొట్టి గట్టు మీద తెల్లగా ఒకడు వంగి తాడు వదులుతున్నాడు. ఎవడో చూసే తీరిక ఫిట్టర్‌కి లేదు. ఆ తాడు లాక్కుని తన నడుముకి కట్టుకున్నాడు, పట్టుకోమని సైగ చేసి లోపలికి దిగాడు.

కింద పిండి పైకి ఒక తల, ఒక చెయ్యి తేలి ఉన్నాయి. కళ్ళు మాత్రం కదులుతున్నాయి.

"ఒరే, నేనొచ్చాను! కదలకు. చిన్నచిన్నగా ఊపిరి తీసుకో."

ఛాతీ చుట్టూ పిండి బిగుసుకుంటే మాటెలా వస్తుంది?

పిల్లలు పలక మీద రాసే బలపం ఈ రాయే. గోరుతో గీస్తే గీత పడుతుంది. కాగితానికి నునుపు కావాలన్నా, రంగుకి చిక్కదనం కావాలన్నా, రబ్బరు ట్యూబులు ఒకదానికొకటి అంటుకోకూడదన్నా దీని పిండే చల్లాలి. మొహానికి రాసుకునే పౌడరూ ఇదే. ఇంత మెత్తని రాయి ప్రాణం తీస్తుందంటే నవ్వుతారు. తొట్టిలో దిగినవాడు నవ్వడు. అది నీళ్ళలా జారుతుంది, మనిషి దొరికాక మాత్రం ఉడుంపట్టు పడుతుంది.

అక్క గట్టెక్కి తొంగి చూసింది. "అతనికీ తాడేసి లాగేద్దామా?"

"వద్దు! నడుం విరుగుతుంది. అడుగు లేని డ్రమ్ము దించండి!"

డ్రమ్ము దిగింది. ఫిట్టర్ దాన్ని కూరుకుపోయినవాడి తల మీదుగా తొడిగి, బలమంతా పెట్టి కిందికి నొక్కాడు. ఇక చుట్టూ ఉన్న పిండి లోపలికి జారదు. టోపీతో డ్రమ్ములోని పిండి తోడి బయట పోయడం మొదలుపెట్టాడు. అరచేతులు జారిపోతున్నాయి, టోపీ జారిపోతోంది. నూనె రాసినా ఇంత జారదు.

అవతలివాడి కళ్ళు మూతలు పడ్డాయి.

"ఒరే, కళ్ళు తెరువు! నా మాట వినరా!"

ఆ మాట అనేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. నా మాట వినే కదా వీడీ గుంటలో దిగాడు! పనిలో పెట్టిన రోజు తనే చెప్పాడు: "ఎదురు చెప్పకు. సూపర్‌వైజర్ బావిలో దూకమన్నా దూకు." వీడసలే నోరున్నవాడు. ఆ నోరు కుట్టేసింది తనే. ఇప్పుడు మరదలికి ఏ మొహం చూపించాలి?

భుజాలు బయటపడ్డాయి. చంకలు తేలాయి. అక్క పైనుంచి విసిరిన రెండో తాడు చంకల కింద బిగించి, లాగమని చెయ్యి ఊపాడు.

గట్టు మీద తెల్లమనిషి లాగాడు. పిండి పట్టిన తాడు అతని చేతుల్లోంచి సర్రున జారింది. మళ్ళీ అందుకుని, ఇనప స్తంభానికి చుట్టి, కాలు తన్నిపెట్టి లాగాడు. అరచేతులు చీరుకుపోయి తాడు ఎర్రబడింది. వదల్లేదు. ఎవడో గాని మంచివాడు, అనుకున్నాడు ఫిట్టర్.

మనిషి పైకొచ్చాడు. వెనకాలే ఫిట్టర్ పాక్కుంటూ వచ్చాడు.

"నీళ్ళు కొట్టక్కా మొహాన! తొందరగా!"

అక్క చెంబెడు నీళ్ళు కొట్టింది. పడుకున్నవాడు దగ్గాడు, తెల్లటి ముద్ద కక్కాడు, ఊపిరి తీశాడు. మొహం మీది పిండి కరిగి కారింది. దాని కిందినుంచి నెరిసిన మీసం బయటికొచ్చింది.

సూపర్‌వైజర్!

ఫిట్టర్ తొట్టి వైపు తిరిగాడు. "అయితే నా తమ్ముడేడీ? ఇంకా అడుగునున్నాడా?"

మళ్ళీ తొట్టిలోకి దూకబోయాడు. తెల్లమనిషి వెనకనుంచి నడుం వాటేసుకున్నాడు.

"వదలరా! నా తమ్ముడు లోపలున్నాడు!"

చెవుల్లో దూది ఉన్నవాడికి ఏం వినపడుతుంది? పట్టు ఇంకా బిగించాడు. ఫిట్టర్ ఒళ్ళు తెలియక వెనక్కి తిరిగి చెంప ఛెళ్ళుమనిపించాడు. ఆ దెబ్బకి అతని మూతిగుడ్డ ఊడి కింద పడింది.

చెంప పట్టుకుని అతను బిక్కమొహం వేశాడు.

"కొట్టకన్నయ్యా! నీ మాట వినని మాట నిజమే. తాడు లేకుండా దిగనని ఎదురు చెప్పాను, రోషమొచ్చి ఆయనే దిగాడు!"