ఎదురింటి గిన్నె

వినాయకుడి నిమజ్జనం అయిన మర్నాడు స్వర్ణలత వంటింట్లో ఒక గిన్నె ఎక్కువైంది.

నాచారంలో వాళ్లుండే అపార్ట్‌మెంట్‌లో ముందురోజు మేడమీద అందరికీ భోజనాలు. ఇంటికొకటి చొప్పున వండి తెచ్చారు. ఆ హడావుడిలో ఎవరిదో స్టీలు గిన్నె ఈ ఇంటి సామాన్లలో కలిసిపోయింది. పేరేమైనా కొట్టించి ఉందేమోనని స్వర్ణలత అడుగు తిప్పి చూసింది. కొట్టువాళ్లు అతికించినట్టున్న ధర స్టిక్కర్ తప్ప ఏమీ కనబడలేదు.

"గది ఎదురింటి అనంతలక్ష్మమ్మది బిడ్డా. గిండ్లనే పులిహోర తెచ్చింది, నేను సూసిన" అంది మంచం మీంచి అత్త లక్ష్మీనర్సమ్మ.

డెబ్బై ఆరేళ్లొచ్చినా ఆమెది గద్ద చూపు. ఇక అనుమానం ఎందుకు? స్వర్ణలత గిన్నె తోమి గుమ్మం దాకా నడిచింది.

"ఉత్త గిన్నె ఇస్తరా ఎవరన్న?" అంది లక్ష్మీనర్సమ్మ.

అదీ నిజమే. స్వర్ణలత వెనక్కి తిరిగింది.

స్వర్ణలత సంగతి కాస్త చెప్పాలి. ఆమె వంటింట్లో చెత్తబుట్ట ఉంటుంది గానీ దానికి పనుండదు. బీరకాయ కూరవుతుంది, పొట్టు తొక్కు పచ్చడవుతుంది. పుచ్చకాయ తిన్నాక మిగిలిన తెల్లభాగం పప్పులో తేలుతుంది. రాత్రి చపాతీలు పొద్దున బెల్లంతో కలిసి మలీద అయిపోతాయి. భర్త శివ ఫ్యాక్టరీ జీతం మీద కూతురు దీప ఇంజనీరింగ్ చదువుతోందంటే అదంతా ఆ పొట్టు మహిమే. పెట్టింది తిని పోతాడు శివ. నాలుక చచ్చిపోయిందని రోజుకోసారి నిట్టూర్చేది అత్త ఒక్కతే.

ఆ రోజు ఇంట్లో ఉన్నది బీరపొట్టు తొక్కే. అదే గిన్నెలో వేసి ఎదురింట్లో ఇచ్చి వచ్చింది.

మూడో రోజు అనంతలక్ష్మి అదే గిన్నెతో ప్రత్యక్షమైంది. రైల్వేలో రిటైరైన సీతారామయ్యగారి భార్య. గోదావరి వైపు మనిషి.

"గిన్నె ఇచ్చిపోదామని వచ్చానమ్మా. పచ్చడి ఎంత బాగుందో, మావారు వేళ్లు నాక్కున్నారు" అంది.

మూత తీస్తే నేతి బొబ్బట్లు. పొట్టుకు బొబ్బట్లు ఏమిటి తల్లీ! లక్ష్మీనర్సమ్మకు అలాంటి బెంగలేమీ లేవు. రెండు తిని, ఇంకో రెండు మంచం కింద, ఎవరినీ ముట్టనివ్వని తన పాత సందూక పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది.

మళ్లీ గిన్నె పంపాలి. ఈసారి తొక్కు పెడితే పరువు దక్కదు. స్వర్ణలత సర్వపిండి చేసింది. నూనె కాస్త ధారాళంగా పొయ్యమనీ, ఇది ఇజ్జత్ కా సవాల్ అనీ అత్త పక్కనే పీట వేసుకుని హెచ్చరించింది. దానికి గుత్తివంకాయ వచ్చింది. గారెలు వెళ్లాయి. పూర్ణాలు వచ్చాయి. సేమ్యా పాయసం వెళ్లింది. పంపేముందు ఉప్పూ తీపీ చూసే బాధ్యత లక్ష్మీనర్సమ్మ నెత్తిన వేసుకుంది. ఒక్కోసారి రెండుసార్లు చూసేది.

ఇలా ఐదు నెలలు. నెలంతా రావాల్సిన నూనె పదిహేనో తారీకుకే అడుగంటుతోంది. స్వర్ణలతకు కలలో కూడా ఆ గిన్నే.

ఆపుదామంటే నోరు రాదు. మధ్యలో ఆమె జ్వరంతో పడిపోతే, అనంతలక్ష్మి నాలుగు రోజులు పూటపూటా వచ్చి మిరియాల చారన్నం కలిపి దగ్గర కూర్చుని తినిపించింది. తల్లి పోయాక స్వర్ణలతకు అలా ఎవరూ పెట్టలేదు. ఆ మనిషి మొహం మీద ఇక చాలని ఎలా అంటుంది?

చివరికి ఓ ఆదివారం గిన్నె నిండా జీడిపప్పు పాకం వచ్చింది. ఇంట్లో చుక్క నూనె లేదు. సిలిండర్ ఇవాళో రేపో అన్నట్టుంది. దీప పరీక్ష ఫీజు నెత్తి మీదుంది. స్వర్ణలత కొంగు బిగించింది. గిన్నెలో ఒకే ఒక్క బెల్లం ముక్క వేసుకుని వెళ్లి ఎదురింటి తలుపు కొట్టింది.

"ఆంటీ, ఏమనుకోకుండ్రి. మీ చెయ్యి మస్తు పెద్దది, నేను తూగలేను. ఇగ మీ గిన్నె మీ దగ్గర్నే పెట్టుకోండ్రి" అంది. అంటుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అనంతలక్ష్మి తెల్లబోయింది.

"మా గిన్నె ఏమిటమ్మా? మొదట పచ్చడి పెట్టి ఇచ్చింది నువ్వేగా! మీ గిన్నె ఖాళీగా ఎలా ఇస్తామని, ఆయన ఆ మోకాళ్లతో జీడిపప్పు కోసం ఉప్పల్ దాకా తిరిగొస్తున్నారు."

ఇద్దరూ గుమ్మంలోనే చతికిలబడ్డారు. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేసరికి పమిటచెంగులు తడిశాయి. మరి ఇదెవరి గిన్నె? బెల్లం ముక్క తీసి గిన్నె బోర్లించారు. ఐదు నెలలు రెండిళ్ల సబ్బు తిన్నా ధర స్టిక్కర్ ఇంకా సగం పట్టుకునే ఉంది. అనంతలక్ష్మి లోపలికెళ్లి కొబ్బరినూనె తెచ్చి, దాని మీద రాసి గోటితో గీకసాగింది.

వెనక తెరిచి ఉన్న తలుపులోంచి లక్ష్మీనర్సమ్మ గొంతు వినబడింది. "ఏం బిడ్డా, ఇయ్యాల గిన్నెల ఏమొచ్చింది?"

ఊడొచ్చిన స్టిక్కర్ కింద, చుక్కలు చుక్కలుగా కొట్టించిన పాతకాలం అక్షరాల్లో, 'లక్ష్మీనర్సమ్మ' అని ఉంది.