వద్దనే మనిషి కావాలి

“ఒక్కరంటే ఒక్కరు కూడా వద్దనలేదా?” అని అడిగింది ఎథిక్స్ కమిటీ అధ్యక్షురాలు.

“లేదు మేడమ్. అడిగిన తెలుగువాళ్లందరూ ఒప్పుకున్నారు,” అన్నాడు మహీధర్. మెచ్చుకుంటుందనుకున్నాడు పాపం.

మహీధర్ పనిచేసే సింగపూర్ సంస్థ మోకాళ్ల నొప్పులకు కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తోంది. ఇలాంటి పరీక్షల్లో అన్ని భాషలవాళ్లకూ చోటుండాలని పైవాళ్లు గట్టిగా చెప్పడంతో, తెలుగు విభాగమంటూ ఒకటి తెరిచి అతని నెత్తిన పెట్టారు. సమ్మతి పత్రాన్ని ముసలివాళ్ల కళ్లకు ఆనేలా పెద్ద పెద్ద తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించారు. అక్షరాలు బాగానే ఆనాయి, అర్థమే ఎవరికీ ఆనలేదు. ఎవరికి ఏ మాత్రో చీటీలేసినట్టు తేల్చే ‘యాదృచ్ఛికీకరణ’ దగ్గర మహీధర్ నాలుకే మడతపడింది.

అయితేనేం, మనవాళ్లకు పత్రంతో పనేముంది? బిషాన్‌లో వెంకటేశ్వర రావు అంకుల్ అతను సంచీ తెరవకముందే పెన్ను అడిగాడు. లిటిల్ ఇండియాలో గీతాంజలి ఆంటీ నష్టాల పేజీ దగ్గర ఆపి, చేతిలో ఉప్మా ప్లేటు పెట్టి, ఇంత దూరం వచ్చి అడిగితే కాదంటామా బాబూ అంటూ సంతకం గీకేసింది.

అదే అధ్యక్షురాలి అనుమానం. వద్దనే హక్కు నిజంగా ఉన్నచోట ఎవరో ఒకరు వద్దంటారని, ఎవరూ అనలేదంటే వెనక ఏదో ఒత్తిడి ఉన్నట్టేనని ఆవిడ తేల్చేసింది. వచ్చే సమావేశంలోగా ఇష్టపూర్వకంగా వద్దన్న మనిషి ఒక్కరైనా కనబడకపోతే తెలుగు విభాగం మూసేస్తామంది.

మొహమాటం అంటే ఏమిటో ఆవిడకు ఏ భాషలో చెప్పాలి? మన భోజనాల దగ్గర వద్దు వద్దంటే ఇంకో గరిటె వెయ్యమని అర్థం. అసలైన వద్దు మన నోట రావాలంటే దేవుడు దిగిరావాలి. మహీధర్‌కు చెమటలు పట్టాయి. విభాగం పోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగంతో పాటే సింగపూర్‌లో ఉండనిచ్చే వర్క్ పాసూ పోతుంది. పెళ్లాం బిడ్డలతో పెట్టే బేడా సర్దుకోవాల్సిందే.

ఇంటికొచ్చి భార్య ఉజ్వలతో చెప్పుకుని భోరుమన్నంత పని చేశాడు. ఆమె తేలిగ్గా తీసిపారేసింది. “సెంగ్‌కాంగ్ సీతాదేవి ఆంటీ ఉన్నారుగా. ఆవిడకు మొహమాటం లేదు. వెళ్లి వద్దనమని అడుగు.”

“అడిగి వద్దనిపించుకుంటే అది మోసం ఉజ్జూ. నేను అడగను.”

“సరే, నువ్వడగకు,” అని ఉజ్వల వంటింట్లోకి వెళ్లిపోయింది.

సీతాదేవి ఆంటీ సంగతి నిజమే. ఉగాది సభలో అధ్యక్షుడి ఉపన్యాసం మధ్యలో లేచి, ఇక చాలు నాయనా, పిల్లలకు ఆకలేస్తోందన్న మనిషి ఆవిడ. పులిహోరలో ఉప్పు లేకపోతే వండినావిడ మొహం మీదే చెబుతుంది. ఆవిడ వద్దంటే అది నిఖార్సయిన వద్దే.

ఆదివారం సెంగ్‌కాంగ్ వెళ్లాడు మహీధర్. కొడుకు ఫ్లాట్‌లో సోఫా మీద కాళ్లు చాపుకుని, మోకాలు రుద్దుకుంటూ కూర్చుంది ఆవిడ. అతను లాభాలు ఒకసారి చెబితే నష్టాలు రెండుసార్లు చెప్పాడు. కడుపులో మంట రావచ్చన్నాడు. అసలు మందుకు బదులు ఉత్త మాత్రే రావచ్చన్నాడు. వద్దన్నా ఎవరూ ఏమీ అనుకోరన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ అనలేదు, మనిషి నిజాయితీపరుడే.

“నొప్పి తగ్గుతుందా?” అని అడిగింది ఆవిడ.

“తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు ఆంటీ.”

ఆవిడ ఆ కాగితాలు చాలాసేపు చేతిలో పట్టుకుంది. తర్వాత మడతపెట్టి తిరిగి ఇచ్చేసింది.

“నాకొద్దు బాబూ.”

మహీధర్‌కు ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. ఎందుకు వద్దన్నారని అడగకూడదన్నది నియమం కాబట్టి, గబగబా కాఫీ తాగి బయటపడ్డాడు.

కమిటీ మురిసిపోయింది. సీతాదేవిని స్వేచ్ఛకు నిలువెత్తు సాక్ష్యమన్నారు. పేరు చెప్పకుండా ఆవిడ కథను మూడు సభల్లో తెర మీద వేసి చూపించారు, చప్పట్లు కొట్టారు. తెలుగు విభాగం నిలబడింది. పాస్ పొడిగించారు. నిజాయితీ ఎక్కడికీ పోదని మహీధర్ ఇంట్లో రోజూ చెప్పుకున్నాడు. ఉజ్వల ఊఁ కొట్టింది.

ఏడాది తిరిగేసరికి మందు పనిచేసిందని తేలింది. వెంకటేశ్వర రావు అంకుల్ బిషాన్ పార్కులో పరుగులాంటి నడక నడుస్తున్నాడు. గీతాంజలి ఆంటీ కర్ర పక్కన పడేసింది. ఆ మందు దుకాణాలకు రావాలంటే మాత్రం ఇంకా ఏళ్లు పడుతుంది.

కృతజ్ఞత చెప్పుకోకపోతే బాగుండదని, మిఠాయి పొట్లం పట్టుకుని మళ్లీ సెంగ్‌కాంగ్ వెళ్లాడు మహీధర్. సీతాదేవి గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ ఓర్చుకుంటూ వచ్చి తలుపు తీసింది. చూడగానే అతని మనసు చివుక్కుమంది.

“ఆ మందు వేసుకున్నవాళ్లకు బాగా తగ్గిందట కదా,” అంది కూర్చుంటూ. “ఇప్పుడు చేరడానికి వీలుంటుందా?”

“లేదాంటీ. మూసేశారు.” మిఠాయి పొట్లం ఆవిడ ముందు పెట్టాడు. “పరీక్ష అయిపోయింది కాబట్టి అడుగుతున్నాను. ఎందుకు వద్దన్నారు? భయపడ్డారా?”

“నాకెందుకయ్యా భయం? చేరాలనే అనుకున్నాను,” అంది సీతాదేవి మోకాలు రుద్దుకుంటూ. “నువ్వు రావడానికి ముందురోజు మీ ఉజ్వల వచ్చి అంతలా బతిమాలితే కాదనలేకపోయాను.”