జవాబు వినిపించాకే బంతి

చెవిపూసలు ఇంటింటికీ వచ్చాక చూపులేనివాళ్ళకు ఎదుటివాళ్ళ కదలికలన్నీ మాటలుగా వినిపిస్తున్నాయి. నేను తల ఊపితే చాలు, నా భార్య సువర్చల చెవిలో "సరేనన్నారు" అని పడుతుంది. పన్నెండేళ్ళ కాపురం అలా సాఫీగానే సాగింది.

సువర్చల అంధుల క్రికెట్ జట్టుకు కెప్టెన్. అక్కడ నేను అంపైర్ కావాలంటే ముందు కళ్ళకు గంతలు కట్టుకుని ఒక ఓవర్ ఆడి తీరాలి. మైదానంలో చెవిపూసలు పెట్టుకోనివ్వరు.

బౌలింగుకు ఆమే వచ్చింది. "రెడీనా?" అంది. తల ఊపాను. బంతి చప్పుడు లేదు.

"రెడీనా?"

ఇంకా గట్టిగా ఊపాను.

"తల ఊపుతున్నారు కదూ? జవాబు వినపడందే నేను బంతి వెయ్యకూడదండీ. ఇంకొక్కసారే అడుగుతాను. అప్పుడూ పలక్కపోతే మీ అంపైర్ లైసెన్సు గోవిందా."

"రెడీ," అన్నాను.

లోపలి ఇనప గుళ్ళు గలగలమంటూ బంతి నేలమీద దొర్లుకొచ్చింది. మోకాలు వంచి, చప్పుడు వచ్చిన వైపు బ్యాటు ఊడ్చాను. తగిలింది.

ఇంటికొచ్చాక సువర్చల చెవిపూస పెట్టుకోలేదు. "కాఫీ కలపనా?" అంది. అలవాటుగా తల ఊపాను. ఇందాక బంతి పట్టుకుని ఆగినట్టే, పాలగిన్నె పట్టుకుని ఆగింది.

"కలుపు," అన్నాను.

అప్పుడు వెలిగించింది స్టవ్వు.