నూట నలభై ఓడలు

"ఓడలు తీసేద్దాం, థియో," అంటూ నదీన్ చేతిలో కాగితాన్ని అతని బల్ల మీద పెట్టింది. "పన్నెండు మందిని పిలిచి వారం రోజులు ఆడించి చూశాం. పదకొండు మంది ఒక్క ఓడ కూడా కట్టలేదు. అందరూ నేల మీదే కొట్టుకు చస్తున్నారు."

బాల్టిమోర్‌లోని ఆ కంప్యూటర్ గేమ్‌ల ఆఫీసులో థియో ఉద్యోగం ఆ ఓడలొక్కటే. వంతులు వేసుకుని ఆడే ఆ యుద్ధం గేమ్‌లో నౌకాదళానికి విలువ తేవాలి. మూడేళ్ళుగా తుఫాన్లు పెట్టాడు, రేవు మూసేస్తే ఊరికి తిండి అందకుండా చేశాడు, ఓడల మీంచే ఒడ్డున కోటల్ని పేల్చే ఫిరంగులు పెట్టాడు. మిగతావాళ్ళు కాల్బలం, గుర్రాలు అంటూ గుంపుగా కూర్చుని గోల చేస్తుంటే, ఇతనొక్కడూ కిటికీ మూల తన సముద్రం తాను చూసుకునేవాడు. మధ్యాహ్నం సాండ్‌విచ్ కూడా అక్కడే. నదీన్ తప్ప ఆ మూలకి వచ్చేవాళ్ళు లేరు, ఆమె వస్తే ఇలాంటి కబురుతోనే.

"పదకొండు మందన్నావు. పన్నెండో మనిషో?"

నదీన్ కాగితం తిప్పింది. కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది.

"నూట నలభై."

"ఏంటి?"

"నూట నలభై ఓడలు కట్టాడు. వెండెల్ అని, ఒక పెద్దాయన."

థియో లేచి నిలబడ్డాడు. తన సముద్రంలోకి మూడేళ్ళకి ఒక మనిషి వచ్చాడు.

"సరే, పద, ఆయన్నే అడుగుదాం," అంది నదీన్. "నీ మార్పుల్లో ఏ ఒక్కటి ఆయన చేత అన్ని ఓడలు కట్టించినా, ఓడలు ఉంటాయి. లేకపోతే ఈరోజుతో సరి. ఇంకో మాట. ఉన్నా పోయినా ఆ సొద మాత్రం తీసెయ్."

సొద అంటే, ప్రతి వంతులోనూ ప్రతి ఓడా పలికే మాట. "కెప్టెన్, ఏం చెయ్యమంటారు? మీరు చెప్పేదాకా ఇక్కడే ఉంటాను." సముద్రం మూలన ఉన్న ఓడని ఎవరూ మర్చిపోకూడదని థియోనే పెట్టాడు. గొంతు ఇచ్చే మనిషిని పెట్టడానికి ఆఫీసు ఒప్పుకోకపోతే, బయటి చప్పుడు పడకుండా ఇంట్లో కోట్లు తగిలించే బీరువాలో దూరి తన గొంతుతోనే రికార్డు చేశాడు. అది వింటే తల బొప్పి కడుతోందని ఆఫీసంతా ఒకటే గోల.

వెండెల్ ఆట గదిలో చివరి కుర్చీలో ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, నారింజ రంగు టోపీ. పక్కన కప్పులో పీతల సూపు చల్లారిపోయింది. తెర మీద సముద్రం కనిపించడం లేదు, అన్నీ ఓడలే.

"వెండెల్ గారూ, నా పేరు థియో. ఈ ఓడల సంగతి చూసేది నేనే."

ముసలాయన చటుక్కున తలెత్తాడు. "నీ గొంతు ఎక్కడో విన్నాను, బాబూ."

"మీరు నేవీలో చేశారా?"

"నేనా? మోకాలి లోతు నీళ్ళన్నా భయం నాకు. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను."

థియో గొంతు తగ్గించాడు. "అయితే రేవు మూసేయడం నచ్చిందేమో."

"రేవు మూస్తారా? ఎలాగ?"

"పోనీ, తుఫాన్లు?"

"అదో దరిద్రం. మొన్న రెండు ఓడలు మునిగిపోయాయి. ఆ పూట తిండి సయించలేదు."

"శత్రువు కోటల మీద ఫిరంగులైనా..."

"యుద్ధానికి పంపితే ఓడలు పోవూ?"

వెనక నదీన్ గొంతు సవరించుకుంది. థియోకి అర్థమైంది, మూడేళ్ళ చాకిరీ గంగలో కలిసింది. అయినా ఉండబట్టలేక అడిగేశాడు.

"మరి నూట నలభై ఎందుకు కట్టారండీ?"

వెండెల్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సైనికులకి ఒకసారి దారి చూపిస్తే పోతారు, మళ్ళీ నా మొహం చూడరు. ఓడలు అలా కాదు. ప్రతి వంతుకీ ఒక్కొక్కటీ వచ్చి అడుగుతుంది, ఏం చెయ్యమంటారని. నేను చెప్పేదాకా ఉంటానంటుంది. మా ఇంట్లో నన్ను ఏదైనా అడిగే మనిషి లేక ఆరేళ్ళయింది. మొదటి ఓడ అడిగింది. బాగుందనిపించి ఇంకోటి కట్టాను." తెర వైపు చూస్తూ, "ఇది ఈరోజుతో అయిపోతుందటగా?" అన్నాడు.

థియో అవునన్నట్టు తలూపాడు. ఆ బీరువాలో కోట్ల మధ్య నిలబడి ఆ మాటని నలభైసార్లు పలికిన రోజు అతనికి గుర్తొచ్చింది. ఆ వారంలో అతను ఇంట్లో నోరు తెరిచింది అప్పుడే.

వరండాలోకి వచ్చాక చూస్తే నదీన్ కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె అలా కరగడం థియో ఎప్పుడూ చూడలేదు. ఓడలు బతికాయనుకున్నాడు.

"ఆ మాట తీయకు, థియో," అంది ఆమె, అతని భుజం మీద చెయ్యి వేసి. "నాకు బుద్ధి లేక సొద అన్నాను. ఈ గేమ్ మొత్తంలో మనిషికి పనికొచ్చేది అదొక్కటే."

"థాంక్స్, నదీన్."

"రేపటికల్లా ప్రతి సైనికుడి నోటా, ప్రతి గుర్రపు రౌతు నోటా అదే మాట పెట్టు. ఓడలు తీసెయ్, ఇక వాటితో పనేముంది?"