స్పాట్ ఎంట్రీ

“ఈ కత్తి ఏ ఊళ్లో కొన్నారు?” అని అడిగింది శ్రీరమ్య మైకులో.

స్టేజీ మీదున్న కుర్రాడు బిక్కమొహం వేశాడు. అట్టముక్కకు వెండి కాగితం అంటించిన కత్తి అది. “సొంతంగా చేసుకున్నాను మేడమ్.”

“అది తెలుస్తూనే ఉంది. మీరు వేసింది నీలిపంజా వేషం. నీలిపంజా కత్తి పట్టుకున్నది సినిమాలో. ముప్ఫై సంచికల కామిక్స్‌లో ఒక్కసారి కూడా పట్టలేదు. చదివారా?”

“లేదు మేడమ్. సినిమా చూశాను.”

“సంతోషం. పదికి రెండు.”

హాలంతా ఈలలు వేసింది. గుంటూరు దాటాక ప్రత్తిపాడు రోడ్డు మీద, మిరపచేల మధ్య ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ అది. ఫెస్టులో సూపర్ హీరో వేషాల పోటీకి శ్రీరమ్యను జడ్జిగా పిలిచింది ఈ నోటి కోసమే. ఇన్‌స్టాలో ఆమె ఎవర్ని తిడుతుందా అని అరవై వేలమంది ఎదురుచూస్తుంటారు.

రెండో జడ్జి మెకానికల్ లెక్చరర్ వెంకటనారాయణ గారు. ఆయన ఎవరొచ్చినా ఏడు మార్కులు వేస్తున్నారు.

“పిల్లలు పాపం కష్టపడ్డారమ్మా” అన్నారాయన మెల్లగా.

“సినిమావాళ్లు మాత్రం కష్టపడట్లేదాండీ? గంటసేపు మేడలు కూల్చుకుంటూ కొట్టుకుంటారు, హీరోగారి బట్టల మీద ఒక్క మరక పడదు. కన్ను వాస్తే తర్వాతి సీనుకల్లా తగ్గిపోతుంది. వాటికంటే కార్టూన్లు నయం, బొమ్మలమేనని ఒప్పుకుంటాయి. గేముల్లో తప్పు చేస్తే చస్తామన్న భయమన్నా ఉంటుంది. ఈ సినిమాలు చూసి ఫ్యాన్లమని బయల్దేరే వాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.”

ఆయన మార్కుల కాగితం మీదికి వంగారు. పదకొండో నంబరు వాడికి మూడు పడ్డాయి. పన్నెండో నంబరు అమ్మాయి రెక్కలు ఫ్యాను గాలికే ఊడిపోతే ఆమెకు సున్నా. పదమూడో వాడు జడ్జీల వైపు చూడకుండానే దిగిపోయాడు.

పద్నాలుగో నంబరు స్టేజీ ఎక్కేసరికి హాలు లేచి నిలబడింది.

ముఖానికి తడిగుడ్డ. కళ్లకు పెద్ద ప్లాస్టిక్ అద్దాలు. ఎరువుల సంచి కోసి కుట్టిన చేతుల్లేని చొక్కా. వీపున పురుగుమందు కొట్టే డబ్బా. మోకాళ్లదాకా నల్లరేగడి. మనిషి నిలబడలేక ఒగరుస్తున్నాడు.

“స్పాట్ ఎంట్రీ మేడమ్” అన్నాడు మైకు పట్టుకున్న స్టూడెంట్ ప్రభు. “ఇప్పుడే వెనక గేటునుంచి పరిగెత్తుకొచ్చాడు. నంబరిచ్చి ఎక్కించేశాను.”

శ్రీరమ్య వెంకటనారాయణ గారి వైపు వంగింది. “వచ్చాడండీ, రైతు హీరో. ప్రతి ఫెస్టులోనూ ఒకడు తయారవుతాడు. కథ ఉండదు, పాత్ర ఉండదు. డబ్బా ఒకటి తగిలించుకుంటే చాలు, చప్పట్లే చప్పట్లు.”

ఆ మనిషి ఒక అడుగు ముందుకేశాడు. “అమ్మా, నా మాట...”

“ముందు నేను మాట్లాడతాను. మీ డైలాగులు తర్వాత.”

ఆమె లేచి స్టేజీ ఎక్కి అతని చుట్టూ ఒకసారి తిరిగింది. మందు కంపుకు ముక్కు మూసుకుంది.

“ఈ బురద ఇంకా ఆరలేదు. అంటే బయట కుళాయి దగ్గర పూసుకొచ్చారు. వాసన కోసం మందు కూడా చల్లుకున్నారు, అక్కర్లేదు. ఆ చేతులు అంతలా వణికించనక్కర్లేదు. ఇది నాటకాల పోటీ కాదు. కళ్లలో నీళ్లు కూడానా? గ్లిజరిన్ ఎంత పోశారు?”

జనం నవ్వారు. అతను అద్దాల్లోంచి హాలు నలుమూలలా చూస్తున్నాడు, ఎవరినో వెతుకుతున్నట్టు.

“ఇటు చూడండి. పేరేంటి?”

“సైదా అంటారమ్మా.”

“పేరులోనే దమ్ము లేదు. సరే, శక్తి ఏంటి?”

అతనికి ప్రశ్న అర్థమైనట్టు లేదు. “నా దగ్గర శక్తి ఏముందమ్మా” అన్నాడు.

హాలు దద్దరిల్లింది. వెనక బెంచీల్లో కొందరు సైదా, సైదా అని కేకలు మొదలుపెట్టారు. శ్రీరమ్యకు ఒళ్లు మండిపోయింది. ఈ ఏడుపుగొట్టు మాటకే పడిపోయారు వెధవలు అనుకుంది.

అప్పుడే డబ్బా పట్టీ కింద, భుజం మీద ఒరుసుకుపోయిన మచ్చ కనబడింది. కాయ కాచి, మధ్యలో చర్మం లేచి ఉంది. ఆమె వంగి దగ్గరగా చూసింది. అంత బాగా మేకప్ చేసినవాణ్ణి ఆమె హైదరాబాద్ పోటీల్లో కూడా చూడలేదు. ఆ సంగతి పైకి మాత్రం అనలేదు.

“పదికి ఒకటి” అంది. “ఆ ఒకటి కూడా భుజం మీది మచ్చకి. మాస్కు తీసి, జనానికి దణ్ణం పెట్టి దిగండి.”

అతను గుడ్డ కిందికి లాగాడు. అద్దాలు తీశాడు. నెరిసిన గడ్డం, కళ్లచుట్టూ అద్దాలు నొక్కుకుపోయిన గుంటలు. యాభై ఏళ్లు దాటిన మనిషి. ముందు వరసలో ఈలలు ఆగిపోయాయి. ప్రభు మైకు దించేశాడు.

అతను శ్రీరమ్యకే రెండు చేతులూ జోడించాడు.

“మార్కులు నాకెందుకమ్మా. మా ఫర్హానా ఈ కాలేజీలోనే కళ్లు తిరిగి పడిపోయిందని ఫోనొస్తే, డబ్బా దించను కూడా మర్చిపోయి చేలోంచి అట్టాగే లగెత్తుకొచ్చా, నా బిడ్డని ఏ గదిలో పడుకోబెట్టారో కాస్త చెప్పు తల్లీ.”