ఇనుప గిన్నె

తలుపు తీయగానే నీవెస్ ముక్కు మూసుకుంది.

గుమ్మంలో ఉన్నవాడు నిలువెల్లా మసి. గోళ్ల సందుల్లో మసి, గడ్డంలో మసి. చంకలో పొగగొట్టాలు తుడిచే తీగ బ్రష్షు.

పేరు జెల్మో అన్నాడు. ఏటా వచ్చే మనిషికి నడుం పట్టేసిందట. బదులుగా తను వచ్చాడట.

"పొయ్యి శుభ్రంగానే ఉంది. తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టి పో," అంది నీవెస్.

పొయ్యి తలుపు అద్దం మటుకు శుభ్రమే. చెక్కపొట్టు గుళికలతో మండే ఆ పెల్లెట్ పొయ్యి వెలిగే నెలల్లో ఆమె రోజూ తడి కాగితానికి బూడిద అద్ది ఆ అద్దం రుద్దుతుంది. అందులో మొహం చూసుకోవచ్చు. పొగగొట్టం జోలికి మాత్రం ఎవరూ పోలేదు. కిందటేడు వచ్చినవాడు కాఫీ తాగి, సంతకం పెట్టి వెళ్లాడు. ఈ లోయలో అన్ని పొయ్యి పుస్తకాల్లోనూ సంతకాలు అలాగే పడతాయి.

జెల్మో సంతకం పెట్టలేదు. గుళికలు మండే ఇనుప గిన్నెను బయటికి లాగి తన సంచి పక్కన పెట్టాడు. గొట్టం మూతికి ముక్కు ఆనించి వాసన చూశాడు.

కుక్కలాగా. నీవెస్‌కు అసహ్యమేసింది.

వాడు లేచి, అడక్కుండానే మెట్ల వెనకున్న కుళాయి దగ్గరికి పోయి చేతులు కడిగాడు. అక్కడ దూలం బాగా కిందికి ఉంటుంది. తెలియనివాళ్ల నుదురు పగులుతుంది. వాడు పైకి చూడకుండానే తల వంచాడు.

ఇల్లంతా అప్పుడే కళ్లతో కొలిచేశాడు, దొంగవెధవ, అనుకుంది ఆమె.

"పై గదిలో ఎవరు పడుకుంటారమ్మా?"

నాలుగేళ్ల కూతురు తేయా పొయ్యి పక్కనే ఆడుకుంటోంది. నీవెస్ దాన్ని వెనక్కి లాక్కుంది.

"నీకెందుకు?"

"పొయ్యి వెలిగించొద్దు. పిల్లని కింద పడుకోబెట్టు. రేపు నిచ్చెన తెచ్చి పైనుంచి చూస్తాను."

"నా పిల్ల పడక సంగతి నీకెందుకంట? నడువు బయటికి."

వాడు పై గది వైపు ఓసారి చూశాడు. సంచి ఎత్తుకుని వెళ్లిపోయాడు.

వాడు నడిచిన చోటల్లా ఆమె మందునీళ్లతో రెండుసార్లు తుడిచింది.

సాయంత్రానికి చలి కొరకడం మొదలుపెట్టింది. ఈ ఏడు ఇంకా వెలిగించని పొయ్యి. మీట నొక్కింది. వెలగలేదు. తీసి చూస్తే లోపల గిన్నె లేదు.

వెంటనే ఠాణాకి ఫోన్ చేసింది. మసిగాడు, దొంగ, పైగా చిన్నపిల్ల ఎక్కడ పడుకుంటుందో ఆరా తీశాడని చెప్పింది. తల్లీకూతుళ్లు కోట్లు తొడుక్కుని వంటింట్లో ఒకే పరుపు మీద పడుకున్నారు.

మర్నాడు పక్క ఊరి నుంచి వేరే మనిషి కొత్త గిన్నెతో వచ్చాడు. ముందు గొట్టం కీలు విప్పాడు.

పిట్టగూడు ఊడిపడింది. దాంతో చచ్చిన నాలుగు పిట్టలు, మసి కొట్టుకుని, పురుగులు పట్టి. నీవెస్ సింకులో కక్కుకుంది.

ఆయన పైకి వెళ్లి తేయా మంచం జరిపాడు. దాని వెనక పొగగొట్టం పోయే గోడ. నిలువునా బీట. వేలు దూరింది.

"నిన్న వెలిగించుంటే పొగకి పైన దారి లేదు. అందులోని విషవాయువు ఈ బీటలోంచి పాప మీదికే వచ్చేది. వాసన కూడా తెలిసేది కాదు," అన్నాడు.

నీవెస్ ఠాణాకి పరుగెత్తింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానంది.

ఆలస్యమైందన్నాడు అధికారి. నిన్న సాయంత్రం బస్సు స్టాపులో దొరికాడట. గిన్నె తనే తీశానని సంతకం పెట్టి, పొద్దుటి బస్సుకు వెళ్లిపోయాడట. ఇక ఏ ఇంటి పొయ్యి ముట్టుకునే అనుమతీ అతనికి ఉండదట.

గిన్నె బల్ల మీద ఉంది. ఒక్కో కన్నంలో మసి పొడిచి తీసి, తళతళా తోమి ఉంది.

"ఎక్కడుంటాడు? నేనే వెళ్తాను."

అధికారి జెల్మో సంతకం పెట్టిన కాగితం ఆమె వైపు తిప్పాడు. చిరునామా దగ్గర ఆమె ఇంటి నంబరే ఉంది.

"పదకొండేళ్ల కిందట అది అతని ఇల్లే. మీకెవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు. పిల్ల ఉన్న కుటుంబం దిగితే, పిల్లల్లేక మూతపడబోయే బడి నిలుస్తుందని ఊరంతా నోరు మూసుకుంది. ఒక జనవరిలో, కింద పొయ్యి వెలుగుతుండగా, ఆ పై గదిలో పడుకున్న జెల్మో కూతురు తెల్లారి లేవలేదు.