తొమ్మిదో నంబరు

ఐదో గోలు పడగానే సుజిత్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఖతం. ఇంక ఈ టీమ్ లేవదు."

"నోర్మూయ్‌రా!" కసిరాడు నరేశ్. "ఐదేండ్లు వరసగా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కప్పు గెల్చిన కాలేజీ ఇది. మంచి కోచ్ వస్తే మల్ల లేస్తది."

"నాలుగు కోచ్‌లు మారిండ్రు భాయ్. క్యా హువా?"

కాలేజీ మైదానం గోడ పక్కనే పరమేశ్ మిరపకాయ బజ్జీల బండి. మ్యాచ్ ఉన్న ఆదివారం సూరత్‌లోని కోసాడ్ కాలనీ తెలుగువాళ్లు నలుగురైదుగురు అక్కడే చేరతారు. నరేశ్ ఆ కాలేజీలోనే చదివి బట్టల మార్కెట్లో సేల్స్‌మన్‌గా కుదిరాడు. సుజిత్ ఇప్పుడు అందులో రెండో సంవత్సరం. సదానందం మాత్రం సాంచాల మీద బట్ట నేసే మనిషి. పదో తరగతి తప్పి సూరత్ వచ్చాడు. నలభై రెండేళ్లకే కుంటుతున్నాడు. రోజుకు పన్నెండు గంటలు సాంచాల ముందు నిలబడితే మోకాళ్లు ఉంటాయా అంటారు అందరూ.

"ఆ ఎడమదిక్కు పిల్లగాడు బాల్‌ను జల్దిన లోపలికి తెస్తున్నడు," అన్నాడు సదానందం మెల్లగా. "గీత దాకా ఉరికితే గోలు ముంగట జర జాగ దొరుకుతది."

నరేశ్ నవ్వాడు. "సంచులు మోసినంత అల్కగుంటదా ఆట, సదన్నా?"

కప్పు పోటీలు ఎప్పుడూ బయటి ఊళ్లలోనే జరిగేవి. నరేశ్ గానీ, పరమేశ్ గానీ వాటిలో ఒక్కటీ చూడలేదు. వాళ్లది పేపర్లో చదివి పెంచుకున్న అభిమానం. సదానందం మాత్రం అప్పట్లో బూట్ల సంచులు, నీళ్ల క్యాన్లు మోయడానికి జట్టు వెంట పోయేవాడని కాలనీలో అందరికీ తెలుసు.

"తొమ్మిదో నంబర్ కిశోర్ సార్ అసొంటోడు ఒక్కడుంటే చాలు," అన్నాడు పరమేశ్ బజ్జీలు తిరగేస్తూ. "భావనగర్‌ల ఆఖరి నిమిషంల కొట్టిన గోలు యాదికున్నదా?"

"ఎట్ల మర్చిపోతం? కుడికాలుతోని..."

"ఎడమకాలు," అన్నాడు సదానందం.

"పేపర్ల కుడికాలని రాసిండ్రు గదనే! నీళ్లు మోసుకుంట ఏం జూసినవో ఏమో."

అందరూ నవ్వారు. సదానందం కూడా నవ్వాడు.

అతని గుబులు వేరే ఉంది. జట్టును ఎత్తేస్తారని వారం రోజులుగా వింటున్నాడు. కాలనీ వెనక ఖాళీ జాగాలో రోజూ పొద్దున్నే ఎనిమిది మంది సాంచాల కార్మికుల పిల్లలతో బంతి ఆడిస్తున్నాడతను. అందరూ ఇంటర్ పాసై సాంచాల పనిలో చేరినవాళ్లే. ఆట చూసి కాలేజీవాళ్లు సీటిస్తారని వాళ్లకు ఆశ పెట్టింది అతనే.

గేటులోంచి తెల్ల కారు బయటికొచ్చింది. నరేశ్ చేతిలో బజ్జీ పడేసి పరుగెత్తాడు.

"కిశోర్ సార్! మీ జూనియర్‌ను సార్!"

కారు ఆగింది. కిశోర్ దిగాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం దొరికి, ఇప్పుడు గాంధీనగర్లో పెద్ద ఆఫీసరు. మ్యాచ్ చూడమని కాలేజీవాళ్లే పిలిపించారు.

"సార్, భావనగర్ గోలు కుడికాలా, ఎడమకాలా? మాకు పంచాయితీ అయింది."

"అవన్నీ గుర్తు పెట్టుకునే తీరిక ఎక్కడుందయ్యా!"

ఆ వినయానికి నరేశ్ మురిసిపోయాడు. "టీమ్‌ను బంద్ జేస్తరంటున్రు సార్. నిజమేనా?"

"కమిటీ నన్నే అడిగింది. రేపు చెప్పాలి. ఇంక జట్టు వద్దనే చెబుతాను. ఇది కోలుకునే జట్టు కాదు."

సదానందం కుంటుకుంటూ ముందుకొచ్చాడు. అతన్ని చూసి కిశోర్ జేబులోంచి నల్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.

"సార్, జర ఇనుండ్రి. కోసాడ్‌ల మన పిల్లలు మస్తు ఆడుతరు. ఎనిమిది మందున్నరు. వచ్చే ఏడు వాళ్లకు సీట్లిప్పియ్యుండ్రి. సాంచాలు బంద్‌పెట్టి చదువుకుంటరు, ఆడుతరు. ఒక్క ఏడు సూడుండ్రి సార్. గా తర్వాత మీ ఇష్టం."

"సాంచాల పిల్లలు చదువుతారా? పేరుకు చేరతారు, ఆడి పోతారు." కిశోర్ గొంతు గట్టిపడింది. "కప్పు కోసం బయటివాళ్లను తెచ్చి ఆడిస్తే దాన్ని మోసం అంటారు. మా రోజుల్లో అలాంటి పనులు చేయలేదు."

"కరెక్ట్ సార్," అన్నాడు నరేశ్.

సదానందం నోరు తెరిచాడు. చుట్టూ చూశాడు. పరమేశ్, నరేశ్, సుజిత్, ముగ్గురూ కిశోర్ ముఖంలోకే చూస్తున్నారు, దేవుణ్ణి చూసినట్టు.

"మీరు చెప్తే వింటరు సార్ కమిటీవాళ్లు," అన్నాడు చివరికి. "మీ కాళ్లు మొక్కుత."

కిశోర్ కారెక్కాడు. తలుపు పడింది. సదానందం అద్దం మీద అరచెయ్యి ఆనించాడు. అద్దం దిగలేదు. కారు కదిలితే చెయ్యి దానంతటదే జారిపోయింది.

రేపు పొద్దున ఎనిమిది మంది బూట్లు లేని కాళ్లతో వచ్చి వరసగా నిలబడతారు.

"చూసినవా కాకా? సార్ భీ నా మాటే అన్నడు," అన్నాడు సుజిత్ సదానందంతో.

పరమేశ్ పొట్లం కట్టి సదానందం చేతిలో పెట్టాడు. నరేశ్ అతని భుజం తట్టాడు.

"ఫికర్ జెయ్యకు సదన్నా. గ్రౌండ్ల దిగి ఆడినోనికే ఎరుకైతది గదా, ఏది లేస్తదో ఏది లేవదో."

కప్పు గెలిచిన ఆ ఐదేళ్లూ గట్టు మీద కూర్చుని సంచులకు కాపలా కాసింది కిశోర్. కిశోర్ పేరుతో తొమ్మిదో నంబరు తొడుక్కుని మైదానంలోకి దిగింది సదానందం.